ఇంటి బీరు కెగ్‌లో పీడనం నిలవకపోతే: లీకును కనిపెట్టి సరిచేసే సమగ్ర మార్గదర్శి

ఇంట్లో తయారుచేసిన బీరును కెగ్‌లో (పీడనాన్ని తట్టుకునే లోహపు పాత్రలో) నిల్వ చేసేవారికి గ్యాస్ లీకు వల్ల రెండు నష్టాలు కలుగుతాయి. సిలిండరులోని కార్బన్ డయాక్సైడు వృథాగా పోవడం మొదటిది. కరగవలసినంత గ్యాస్ కరగక బీరు చప్పబడిపోవడం రెండవది. లీకు ఉందన్న అనుమానం రాగానే చాలామంది కెగ్‌కున్న రబ్బరు రింగులన్నిటినీ ఒకేసారి మార్చి, ప్రతి కీలునూ మరింత బలంగా బిగిస్తారు. లీకు రెగ్యులేటరు (సిలిండరు నుంచి వచ్చే గ్యాస్ పీడనాన్ని తగ్గించి అదుపు చేసే సాధనం) వాషరు దగ్గర ఉంటే ఆ శ్రమంతా దండగే. పైగా అతిగా బిగించడం వల్ల అప్పటివరకు బాగున్న రింగు నలిగి కొత్త లీకు మొదలవుతుంది. ఏ భాగం కారుతోందో తెలియాలంటే అది ఎప్పుడు కారుతోందో ముందుగా గమనించాలి. గొట్టం తగిలించినప్పుడు మాత్రమే కారుతోందా, తీసినప్పుడు మాత్రమేనా, తక్కువ పీడనంలోనా, అన్ని వేళలానా అన్న ప్రశ్నలకు సమాధానం దొరికితే, పానా చేతిలోకి తీసుకోకముందే సగం పని పూర్తవుతుంది.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా 19 లీటర్ల కార్నీ కెగ్‌కు వర్తిస్తుంది. మొదట శీతల పానీయాల సిరప్పు సరఫరా కోసం తయారైన ఈ స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలే నేడు ఇంటి బీరు తయారీలో ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. గొట్టాన్ని పట్టి ఉంచే తీరునుబట్టి వీటిలో బాల్ లాక్, పిన్ లాక్ అని రెండు రకాలున్నా లీకయ్యే చోట్లు మాత్రం ఒకటే. మూత చుట్టూ ఒక పెద్ద ఓ-రింగు (గ్యాస్‌ను ఆపే రబ్బరు రింగు), మూత మీద పీడనాన్ని వదిలే రిలీఫ్ వాల్వు, ఇరువైపులా గ్యాస్‌కు ఒకటి, బీరుకు ఒకటి చొప్పున గొట్టాలు తగిలించే రెండు పోస్టులు ఉంటాయి. ప్రతి పోస్టుకు బయటి గాడిలో ఒక చిన్న ఓ-రింగు, లోపల స్ప్రింగు పైకి నెట్టి ఉంచే పాపెట్ అనే చిన్న వాల్వు, అడుగున డిప్ ట్యూబు (కెగ్ లోపలికి దిగే గొట్టం) మెడ కింద మరొక ఓ-రింగు ఉంటాయి. కెగ్ బయట గ్యాస్ గొట్టం, దాని చివర పోస్టు మీద కూర్చునే డిస్‌కనెక్టు, రెగ్యులేటరు, సిలిండరు ఉంటాయి.

పని మొదలుపెట్టే ముందు భద్రత

కార్బన్ డయాక్సైడుకు రంగు, వాసన లేవు; అది గాలి కంటే సుమారు ఒకటిన్నర రెట్లు బరువు కనుక నేలకు దగ్గరగా, పల్లపు చోట్లలో పేరుకుంటుంది. 2.3 కిలోల గ్యాస్ ఉన్న చిన్న సిలిండరు పూర్తిగా ఖాళీ అయితే దాదాపు 1.2 ఘనపు మీటర్ల వాయువు వెలువడుతుంది. 30 ఘనపు మీటర్ల మూసిన గదిలో అది గాలిలో సుమారు 4 శాతం అవుతుంది. అమెరికాలోని వృత్తి భద్రత పరిశోధన సంస్థ నియోష్ ప్రాణానికి తక్షణ ప్రమాదంగా గుర్తించిన స్థాయి కూడా సరిగ్గా అదే, అంటే 40,000 పీపీఎం (పది లక్షల భాగాలలో 40,000). కనుక లీకు అనుమానం ఉన్న సిలిండరును పడకగదిలోనో, గాలి ఆడని నేలమాళిగలోనో ఉంచకూడదు. వెతికే పనిని కిటికీలు తెరిచి చేయాలి. సిలిండరును ఎప్పుడూ నిలువుగానే ఉంచి గోడకో బల్లకో కట్టాలి. పడుకోబెడితే ద్రవరూపంలోని కార్బన్ డయాక్సైడు రెగ్యులేటరులోకి చేరి దాన్ని పాడుచేస్తుంది.

రెండవ నియమాన్ని ఏ పరిస్థితిలోనూ మీరవద్దు. కెగ్‌లో పీడనం ఉండగా పోస్టును గాని, రిలీఫ్ వాల్వును గాని విప్పకూడదు. ముందు గ్యాస్ గొట్టం తీసి, రిలీఫ్ వాల్వు రింగును లాగి, చప్పుడు పూర్తిగా ఆగిన తరువాత గ్యాస్ పోస్టులోని పాపెట్‌ను సన్నని స్క్రూడ్రైవరుతో నొక్కి ఇంకా ఏమైనా మిగిలిందేమో చూడాలి. రిలీఫ్ వాల్వు మూసుకుపోయి ఉండే అవకాశం ఉంది కనుక ఈ రెండవ పరీక్ష తప్పనిసరి. ఒత్తిడిలో ఉన్న పోస్టు చివరి చుట్టు వదిలినప్పుడు తూటాలా ఎగిరి వస్తుంది.

అది నిజంగా లీకేనా?

ఈ ప్రశ్నకు కొంత సమయం కేటాయించడం అవసరం, ఎందుకంటే లీకు అని భ్రమపడే సందర్భాలు చాలా ఉన్నాయి. కొత్తగా నింపిన కెగ్‌కు 30 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో పీడనం కొలత) గ్యాస్ ఎక్కించి గొట్టం తీసేస్తే, మరునాటికి లోపల పీడనం దాదాపు లేకపోవచ్చు. ఆ గ్యాస్ బయటికి పోలేదు, బీరులో కరిగింది. 19 లీటర్ల బీరుకు మామూలు స్థాయిలో గ్యాస్ పట్టించడానికి, పులియబెట్టినప్పుడు అందులో మిగిలినది పోగా, సుమారు 60 గ్రాముల కార్బన్ డయాక్సైడు కావాలి. పైన ఖాళీగా ఉండే లీటరు జాగాలో 30 పీఎస్‌ఐ దగ్గర పట్టేది 6 గ్రాములు మించదు. అంటే బీరు తనకు కావలసినదానిలో పదవ వంతు మాత్రమే తాగి పీడనాన్ని దించేసింది. ఈ కారణంగా నిండు కెగ్ మీద పీడనం నిలుస్తుందో లేదో చూసే పరీక్షకు విలువ లేదు. ఆ పరీక్షను ఖాళీ కెగ్ మీదే చేయాలి.

ఉష్ణోగ్రత వల్ల కూడా ఇలాంటి పొరపాటు జరుగుతుంది. 25 డిగ్రీల గదిలో 30 పీఎస్‌ఐ చూపిన ఖాళీ కెగ్‌ను 4 డిగ్రీల ఫ్రిజ్‌లోకి మార్చితే, ఏమాత్రం గ్యాస్ పోకుండానే గేజి సుమారు 27కు దిగుతుంది. సిలిండరు వైపున్న ఎక్కువ పీడనపు గేజి మరింతగా మోసగిస్తుంది. సిలిండరులో గ్యాస్ ద్రవరూపంలో ఉంటుంది కనుక ఆ గేజి చూపేది ఎంత గ్యాస్ మిగిలిందని కాదు, సిలిండరు ఎంత చల్లగా ఉందని: 21 డిగ్రీల దగ్గర సుమారు 58 బార్ (ఇది మరో పీడనపు కొలత), 4 డిగ్రీల దగ్గర సుమారు 39 బార్. ద్రవం పూర్తిగా అయిపోయిన తరువాతే ముల్లు నిజంగా పడిపోతుంది. సిలిండరును ఫ్రిజ్‌లో పెట్టిన మొదటి రోజున ముల్లు దిగడం చూసి లీకు అని నిర్ణయించవద్దు. గ్యాస్ ఎంత తగ్గిందో తెలుసుకోవడానికి నమ్మదగిన మార్గం సిలిండరును తూకం వేయడం ఒక్కటే. ఖాళీ సిలిండరు బరువు దాని మెడ దగ్గర చెక్కి ఉంటుంది. వారానికోసారి తూచి రాసుకుంటే నెమ్మది లీకు కూడా దాగదు.

మొదటి దశ: లీకు ఏ భాగంలో ఉందో తేల్చడం

మొత్తం వ్యవస్థను సిలిండరు నుంచి రెగ్యులేటరు వరకు, రెగ్యులేటరు నుంచి గొట్టం చివర వరకు, ఆపైన కెగ్ అని మూడు భాగాలుగా విడదీసి చూడాలి. కెగ్‌ల నుంచి డిస్‌కనెక్టులన్నీ తీసేయండి. రెగ్యులేటరు కింద మూసే వాల్వు ఉంటే దాన్ని మూసి, సిలిండరు వాల్వును తెరిచి రెగ్యులేటరును 30 పీఎస్‌ఐకి పెట్టి, తిరిగి సిలిండరు వాల్వును మూసేయండి. ఇప్పుడు రెండు గేజిల ముళ్ళు ఎక్కడున్నాయో గుర్తు పెట్టుకోండి. వాల్వుకు, రెగ్యులేటరుకు మధ్య చిక్కుకున్న గ్యాస్ చాలా కొంచెం, దాని పీడనం చాలా ఎక్కువ. కాబట్టి అక్కడ ఏ చిన్న లీకు ఉన్నా ఎక్కువ పీడనపు ముల్లు త్వరగానే దిగడం మొదలుపెడుతుంది. గంట తరువాత కూడా రెండు ముళ్ళు కదలకపోతే ఆ భాగం మంచిదే.

ఇక్కడ ఒక విశేషాన్ని గమనించాలి. ఎక్కువ పీడనపు ముల్లు దిగుతూ, తక్కువ పీడనపు ముల్లు పెరుగుతూ ఉంటే గ్యాస్ బయటికి పోవడం లేదు; రెగ్యులేటరు లోపలి సీటు సరిగా మూసుకోక గ్యాస్ ఒక వైపు నుంచి మరొక వైపుకు జారుతోంది. దానికి సబ్బునీళ్ళు పనికిరావు, రెగ్యులేటరుకు మరమ్మతు కిట్ వేయాలి లేదా దాన్ని మార్చాలి. అప్పటివరకు ఆ రెగ్యులేటరును కెగ్‌కు తగిలించి వదిలేయడం మంచిది కాదు.

రెగ్యులేటరు నిలిస్తే కింది వాల్వును తెరిచి గొట్టాలను, పంపిణీ పెట్టెను (గ్యాస్‌ను పలు గొట్టాలకు పంచే భాగాన్ని) కలుపుకుని, సిలిండరు వాల్వును ఒక్కసారి తెరిచి మూసి, అదే పరీక్షను మళ్ళీ చేయండి. అదీ నిలిస్తే డిస్‌కనెక్టును ఒక ఖాళీ కెగ్‌కు తగిలించి మూడవసారి చేయండి. ఏ దశలో ముల్లు దిగడం మొదలైందో, ఆ దశలో కొత్తగా కలిసిన భాగంలోనే లీకు ఉంది. ఒకటి కంటే ఎక్కువ కెగ్‌లు ఉన్నవారు ఒక్కొక్కదాన్నే విడిగా కలిపి చూడాలి.

రెండవ దశ: బుడగలతో చోటును గుర్తించడం

భాగం తెలిసిన తరువాత ఖచ్చితమైన చోటు తెలియాలి. గిన్నెలు తోమే ద్రవ సబ్బును కొద్ది నీళ్ళలో నెమ్మదిగా కలిపి, నురగ రాకుండా చిక్కటి ద్రావణం చేసుకోవాలి. ముందే నురగ ఉంటే కొత్త బుడగ కనిపించదు. కెగ్‌లో 30 పీఎస్‌ఐ ఉంచి, చిన్న కుంచెతో మూత అంచు చుట్టూ, రిలీఫ్ వాల్వు మీద, పోస్టుల అడుగున, పోస్టు నడినెత్తిన పాపెట్ దగ్గర పూయాలి. పెద్ద లీకు వెంటనే బుడగలుగా ఉబ్బుతుంది. నెమ్మది లీకు మాత్రం పది, పదిహేను నిమిషాల తరువాత సన్నని తెల్లని నురగ గీతగా కనిపిస్తుంది. పూసిన వెంటనే చూసి ఏమీ లేదని వెళ్ళిపోవడం వల్లనే చాలా లీకులు దొరకకుండా పోతాయని నా అభిప్రాయం. మంచి వెలుతురులో, ఓపికగా చూడండి.

సబ్బుకు కూడా దొరకనిది నీళ్ళకు దొరుకుతుంది. ఖాళీ కెగ్‌కు పీడనం ఎక్కించి, గొట్టం తీసి, తలకిందులుగా పెద్ద బకెట్టు నీళ్ళలో ముంచితే పైభాగంలోని కీళ్ళన్నీ ఒకేసారి మునుగుతాయి. మొదట ఎగసే బుడగలు అంచుల్లో చిక్కుకున్న గాలి మాత్రమే; అవి తగ్గిన తరువాత కూడా ఒకే చోటు నుంచి క్రమంగా వచ్చే బుడగే లీకు. పరీక్ష తరువాత కెగ్‌ను బాగా కడగాలి, ఎందుకంటే మిగిలిన సబ్బు బీరు నురగను నిలవనివ్వదు.

మూడవ దశ: మూత

ఎక్కువగా లీకయ్యేది మూతే. దీని అమరికను అర్థం చేసుకుంటే లీకు కారణం కూడా అర్థమవుతుంది. కోలగా ఉండే ఈ మూతను లోపలికి దూర్చి, కింది నుంచి పైకి లాగి కెగ్ నోటికి ఆనిస్తాము. పైనున్న కమ్మీ దాన్ని పట్టి ఉంచుతుంది. లోపలి పీడనమే మూతను నోటికి ఒత్తుతుంది కనుక పీడనం పెరిగేకొద్దీ పట్టు పెరుగుతుంది. 30 పీఎస్‌ఐ దగ్గర చుక్క కారని మూత 5 పీఎస్‌ఐ దగ్గర కారవచ్చు. కాబట్టి మూతను రెండు పీడనాల దగ్గరా పరీక్షించాలి. చక్కెర కలిపి కెగ్‌లోనే సహజంగా గ్యాస్ పుట్టించేవారికి ఇది మరీ ముఖ్యం. పీడనం సున్నా నుంచి నెమ్మదిగా పెరుగుతుంది కనుక మూత ఎప్పటికీ సరిగా కూర్చోక, పుట్టిన గ్యాస్ పుట్టినట్టే పోతుంది. అటువంటి కెగ్‌కు కూడా నింపిన వెంటనే సిలిండరు నుంచి ఒకసారి గట్టిగా పీడనం ఇచ్చి మూతను కూర్చోబెట్టాలి.

మూత లీకయితే ముందు పీడనం పూర్తిగా వదిలి, మూత తీసి, ఓ-రింగును వేళ్ళతో సాగదీస్తూ చుట్టూ పరిశీలించండి. చీలిక, చదును పడిన భాగం, గట్టిపడి మెరుపు తేలడం కనిపిస్తే మార్చండి. బాగుంటే కడిగి, ఆరబెట్టి, ఆహారయోగ్యమైన కెగ్ లూబ్రికెంటును పలచగా పూయండి. రింగు నిగనిగలాడితే చాలు, ముద్దలుగా అక్కరలేదు. సిలికోన్ రింగుకు సిలికోన్ లూబ్రికెంటు వాడితే అది ఉబ్బే ప్రమాదం ఉంది. ఈపీడీఎం రబ్బరుకు పెట్రోలియం జెల్లీ అదే హాని చేస్తుంది. కెగ్ నోటి లోపలి అంచును కూడా వేలితో తడిమి చూడాలి. ఎండిన బీరు పొర, ఒక చిన్న గీత, రవాణాలో పడిన సొట్ట, వీటిలో ఏదైనా లీకుకు చాలు. పొరను కడిగితే పోతుంది. సన్నని గీతను మెత్తని ఉప్పుకాగితంతో అంచు వెంబడే, అడ్డంగా కాకుండా, రుద్ది నున్నగా చేయవచ్చు.

తరువాత మూతను అమర్చి, పిడిని పైకి లాగి పట్టుకుని, గ్యాస్‌ను 30 పీఎస్‌ఐ దగ్గర ఒక్కసారిగా వదలండి. మూత చప్పుడుతో కూర్చున్న తరువాత కమ్మీని మూసి బిగించండి. ఇంకా కారుతుంటే పీడనం వదిలి మూతను అటుదిటు తిప్పి అమర్చి చూడండి. పాత కెగ్‌లలో నోరు, మూత రెండూ కొద్దిగా వంగి ఉండటం వల్ల ఒక దిక్కున పట్టనిది మరో దిక్కున పట్టడం సాధారణం. పట్టిన దిక్కును మూతమీద చెరగని సిరాతో గుర్తు పెట్టుకోవాలి. కమ్మీ కాళ్ళ కింది రబ్బరు తొడుగులు అరిగినా, ఊడిపోయినా బిగువు తగ్గుతుంది కనుక వాటినీ చూడాలి.

ఇవన్నీ చేసినా తక్కువ పీడనంలో కారే మూతకు మందంగా, మెత్తగా ఉండే సిలికోన్ రింగు మంచి పరిష్కారం. అయితే నైట్రైల్ రబ్బరుతో పోలిస్తే సిలికోన్ గుండా కార్బన్ డయాక్సైడు చాలా ఎక్కువగా చొచ్చుకుపోతుంది. త్వరగా అయిపోయే బీరుకు ఈ తేడా పట్టదు. నెలల తరబడి గొట్టం లేకుండా నిల్వ ఉంచే కెగ్‌కు నైట్రైల్ రింగే మేలు.

నాలుగవ దశ: పోస్టులు

పోస్టు దగ్గర బుడగలు కనిపిస్తే, మొదట్లో చెప్పిన 'ఎప్పుడు' అన్న ప్రశ్న ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. డిస్‌కనెక్టు తీసినప్పుడు మాత్రమే, అదీ పోస్టు నడినెత్తిన బుడగలు వస్తే దోషం పాపెట్‌ది. తగిలించినప్పుడు మాత్రమే, డిస్‌కనెక్టు అడుగు అంచు నుంచి వస్తే దోషం పోస్టు బయటి ఓ-రింగుది. తగిలించినా తీసినా పోస్టు అడుగున మరల దగ్గర వస్తూనే ఉంటే డిప్ ట్యూబు ఓ-రింగుది. మూడింటికీ మందు వేరు.

పాపెట్ కారుతుంటే విప్పకముందే ఒక చిన్న ప్రయత్నం చేయవచ్చు. దాన్ని స్క్రూడ్రైవరుతో రెండు మూడు సార్లు నొక్కి వదిలితే, సీటు మీద ఇరుక్కున్న హాప్ (బీరుకు చేదునిచ్చే పువ్వు) తునక గ్యాస్‌తోపాటు కొట్టుకుపోయి మళ్ళీ చక్కగా కూర్చుంటుంది. ఫలితం లేకపోతే పీడనం వదిలి, పోస్టు విప్పి, పాపెట్‌ను బయటికి తీసి, దాని చిన్న రబ్బరును, పోస్టు లోపలి సీటును శుభ్రం చేయాలి. పాపెట్లు అన్ని పోస్టులకూ ఒకే కొలతలో ఉండవు. పోస్టు తయారీనిబట్టి సరైనదాన్ని కొనాలి. స్ప్రింగు పొట్టిదైతే పాపెట్ మూసుకోదు, మరీ పొడవైతే డిస్‌కనెక్టు దాన్ని తెరవలేదు.

బయటి ఓ-రింగు మార్చడం ఈ మొత్తంలో అతి తేలికైన పని; మొద్దు మొన గల పనిముట్టుతో పాతది లేపి, గాడి తుడిచి, లూబ్రికెంటు పూసిన కొత్తది ఎక్కిస్తే సరిపోతుంది.

డిప్ ట్యూబు ఓ-రింగు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బీరు వైపున అది చేసే అల్లరి లీకులా కనిపించదు. అక్కడ రింగు పాడైతే కెగ్ పైభాగంలోని గ్యాస్ డిప్ ట్యూబు పక్కగా పోస్టులోకి చొరబడి, బయటికి వచ్చే బీరుతో కలుస్తుంది. గ్లాసులో నురగ తప్ప బీరు రాదు. బీరు గొట్టంలో పోస్టు దగ్గర నుంచే బుడగల వరుస కనిపిస్తుంది. పీడనం ఎక్కువైందనుకుని దాన్ని తగ్గిస్తూ పోతే సమస్య తీరదు, బీరు చప్పబడుతుంది. నురగ వేధిస్తున్న కెగ్‌కు ముందుగా ఈ ఐదు నిమిషాల పని చేసి చూడమని నా సలహా. పోస్టు విప్పి, ట్యూబును పైకి లాగి, మెడ కింది రింగును మార్చి, రింగు ఆనే చోటును తుడిచి, తిరిగి అమర్చాలి.

తిరిగి బిగించేటప్పుడు పోస్టును ముందు చేత్తోనే తిప్పాలి. మొదటి చుట్లు తేలికగా ఎక్కకపోతే మరలు అడ్డంగా పడుతున్నాయని అర్థం. వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టాలి. పానాతో చివర ఒక మోస్తరు బిగువు చాలు. ఈ మరలకు టెఫ్లాన్ టేపు చుట్టవద్దు. ఇక్కడ గ్యాస్‌ను ఆపేది ఓ-రింగు, మరలు కాదు. రెండు పోస్టులనూ ఒకేసారి విప్పితే తారుమారయ్యే అవకాశం ఉంది కనుక ఒకటి పూర్తిచేసి రెండవదాన్ని ముట్టండి. పిన్ లాక్‌లో గ్యాస్ పోస్టుకు రెండు పిన్నులు, బీరు పోస్టుకు మూడు ఉంటాయి. బాల్ లాక్‌లో చాలావరకు గ్యాస్ పోస్టు అడుగు అంచులకు చిన్న గాట్లు ఉంటాయి.

రిలీఫ్ వాల్వు కారితే రింగును కొన్నిసార్లు లాగి వదలండి, అప్పటికీ ఆగకపోతే విప్పి కడగండి లేదా కొత్తది వేయండి. దాన్ని జిగురుతోగాని, మరే విధంగాగాని మూసివేయకూడదు. అది కెగ్‌కున్న ఏకైక రక్షణ.

ఐదవ దశ: గొట్టాలు, రెగ్యులేటరు

సిలిండరుకు రెగ్యులేటరు కలిసే చోట చాలా నమూనాలలో ఒక చదును వాషరు ఉంటుంది. సిలిండరు మార్చిన ప్రతిసారీ దాన్ని చూసి, ముద్ర లోతుగా పడి ఉంటే మార్చాలి. వాషరు పాత సిలిండరుకే అంటుకుని వెళ్ళిపోవడం తరచూ జరిగేదే. కొన్ని రెగ్యులేటర్లలో వాషరుకు బదులు శాశ్వతమైన ఓ-రింగు అమర్చి ఉంటుంది. దాని మీద మళ్ళీ వాషరు వేస్తే అదే లీకుకు కారణమవుతుంది. ఈ కీలుకు, ఫ్లేర్ కీళ్ళకు టెఫ్లాన్ టేపు వాడకూడదు. ఫ్లేర్ కీలులో శంఖాకారపు ముఖాలు ఒకదానినొకటి ఒత్తుకుని గ్యాస్‌ను ఆపుతాయి. టేపు వాటిని సరిగా ఆననివ్వదు. గేజిలు, వాల్వులు బిగించే వాలు మరలకు మాత్రం టేపు అవసరం; బిగించే దిశలోనే రెండు మూడు చుట్లు వేయాలి.

గొట్టం జారకుండా గాట్లున్న ముళ్ళ మొన మీద అది ఎక్కే చోట బిగింపు పట్టీ వదులయితే మళ్ళీ బిగించండి. గొట్టం చివర గట్టిపడి సాగిపోయి ఉంటే ఒక అంగుళం కోసి తాజా భాగాన్ని ఎక్కించండి. వేడినీళ్ళలో ముంచితే తేలికగా ఎక్కుతుంది. నెట్టి బిగించే రకం కీళ్ళలో గొట్టం చివరను పదునైన కత్తితో నిటారుగా కోయాలి. ఏటవాలు కోత, చివరి దగ్గర గీత ఉంటే లోపలి రింగు పట్టదు. బాల్ లాక్ డిస్‌కనెక్టు నెత్తిన ఉండే మర మూత క్రమంగా వదులవుతుంది కనుక అక్కడ కూడా సబ్బునీళ్ళు పూయండి.

నిర్ధారణ

మరమ్మతు పూర్తయిన తరువాత ఖాళీ కెగ్‌కు 30 పీఎస్‌ఐ ఎక్కించి, గేజి అమర్చిన ఒక డిస్‌కనెక్టును గ్యాస్ పోస్టుకు తగిలించి, ఉష్ణోగ్రత మారని చోట ఒక రాత్రి, వీలైతే రెండు రోజులు ఉంచండి. ముల్లు నిలిస్తే పీడనాన్ని 5 పీఎస్‌ఐకి తగ్గించి మరో రాత్రి చూడండి. గేజి తగిలించి ఉన్నంతసేపూ ఆ పోస్టులోని పాపెట్ తెరిచే ఉంటుంది కనుక దాని పనితీరు ఈ పరీక్షలో తెలియదు; గేజి తీసి ఒక రోజు ఉంచి మళ్ళీ తగిలించి చూడాలి. గేజి లోపలికి కొంత గ్యాస్ పోతుంది కాబట్టి తిరిగి తగిలించినప్పుడు స్వల్పంగా తగ్గడం సహజం.

కెగ్ ఒంటి మీద, అతుకుల దగ్గర బుడగలు వస్తే దాన్ని పీడనానికి వాడటం మానేయాలి. తుప్పు చుక్క కింద పడిన సూదిబెజ్జాన్ని ఇంట్లో ఏ పూతతోనూ నమ్మకంగా మూయలేము. మూత నోరు కంటికి కనిపించేంతగా వంగినా అంతే. వాడిన కెగ్ కొన్నవారు మాత్రం లీకు ఉన్నా లేకున్నా రబ్బరు రింగులన్నీ మొదటే మార్చుకోవడం మంచిది. పాత రింగులు శీతల పానీయపు వాసనను పీల్చుకుని ఉంటాయి, ఎంత కడిగినా ఆ వాసన బీరుకు పడుతుంది.

బీరు పరిశ్రమలో వాడే, మధ్యలో ఒకే వాల్వు ఉన్న సాంకే కెగ్‌కు ఈ పద్ధతులు పూర్తిగా వర్తించవు. దాని నోటిలోని లాకు రింగును పీడనం ఉండగా విప్పితే లోపలి కడ్డీ అతివేగంతో పైకి లేచి తీవ్రంగా గాయపరుస్తుంది. అటువంటి కెగ్ లీకయితే తలను కలిపే కప్లరు రబ్బరును మార్చి చూడటం వరకే ఇంట్లో చేయదగిన పని. అక్కడితో ఆగకపోతే దాన్ని అందుకు తగిన పనిముట్లు, శిక్షణ ఉన్నవారికి అప్పగించాలి.